రెండు గూడబాతుల మధ్య మనిషి

మా వీధి గోడ మీది బొమ్మను మున్సిపాలిటీ వాళ్ళు చెరిపేశారని ఏలూరులో చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఈమధ్య ఒక కాలేజీలో గోడల మీది కళ గురించి సభ పెడితే వెళ్ళాను. వేదిక మీద ఒకాయన మా వీధి పేరు చెప్పి మరీ, "అధికారుల కర్కశ హస్తాలు ఒక అజ్ఞాత చిత్రకారుడి కొల్లేటి కన్యను సున్నం కింద సమాధి చేశాయి" అన్నాడు. హాల్లో చప్పట్లు కొట్టారు. నేను ఆ వాక్యంలో తప్పులు చూసుకుంటూ కూర్చున్నాను. చెరిపింది అధికారులు కాదు. చిత్రకారుడు అజ్ఞాతంగా ఏమీ లేడు, తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులో ఎవర్ని అడిగినా ఇల్లు చూపిస్తారు. ఆవిడ కన్య కాదు, ఇద్దరు పిల్లల తల్లి. సున్నం అంతకన్నా కాదు, డబ్బాల్లో వచ్చే రంగు.

ప్రశ్నలు అడగమన్నప్పుడు లేచి ఇవన్నీ చెప్పాను. ఆయన నవ్వి, "వివరాలదేముందండి మేడం, భావం ముఖ్యం" అన్నాడు. వివరాలన్నీ తప్పయ్యాక ఆ భావం దేని మీద నిలబడుతుందో నాకు అర్థం కాలేదు. అదే అడిగాను. మైకు వెనక వరుసకు వెళ్ళిపోయింది.

మా వీధిలో ఇంకో కథ కూడా నడుస్తోంది. గోడ మీద వెలిసిన అమ్మవారిని ఎవరో పాపిష్టి వాళ్ళు తుడిచేశారట. మొదటి కథకన్నా ఇదే కొంచెం నయం. ఆ పాపిష్టిదాన్ని నేనేనని ఒప్పుకుంటే సగం కథ సరిపోతుంది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంటికి ఎదురుగా మున్సిపల్ స్కూలు ప్రహరీ గోడ ఉంది. ఒకప్పుడు దాని మీద సినిమా పోస్టర్లు, ట్యూషన్ల ప్రకటనలు, మొలలకు ఆపరేషన్ లేకుండా వైద్యం చేసేవాళ్ళ ఫోన్ నంబర్లు ఉండేవి. ఒక మూల "ఇక్కడ మూత్రము పోయరాదు" అని పెద్ద అక్షరాలతో రాయించారు. మా వీధికి వచ్చే మగవాళ్ళు చదువుకున్నవాళ్ళు కాబట్టి, ఎక్కడ పోయాలో వాళ్ళకు ఆ అక్షరాలే దారి చూపించేవి.

ఊళ్ళ శుభ్రతకు ర్యాంకులిచ్చే కాలం వచ్చాక తనిఖీ బృందం వస్తోందని ఊరి గోడలన్నిటికీ బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. మా గోడకు కొల్లేరు పక్షులు వచ్చాయి. తాడేపల్లిగూడెం నుంచి ఒక ఆర్టిస్టు వచ్చి ఎనిమిది రోజులు వేశాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, గొంతు పైకి రాకుండా మాట్లాడతాడు. ఫ్లెక్సీలు రాకముందు మార్కెట్టులో కొట్లన్నిటికీ బోర్డులు రాసినవాడట. నత్తగొట్టు కొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు వరసగా వేసుకుంటూ వచ్చి, మా గేటుకు సరిగ్గా ఎదురుగా రెండు గూడబాతులను వేశాడు. గడ్డం కింద సంచి వేలాడుతూ, పెళ్ళివిందులో రెండోసారి వడ్డన కోసం చూస్తున్న పెద్దమనుషుల్లా ఉండేవి. ఆ రెండింటి మధ్య, చివరి రెండు రోజుల్లో, ఎవరూ వేయమనకుండానే ఆవిడను వేశాడు.

ఆవిడంటే మాకు చేపలమ్మే మనిషి. కొల్లేటి లంకల్లో, మండవల్లి అవతల ఆవిడ ఊరు. నా కూతురు మూడో క్లాసులో ఉన్నప్పటి నుంచి వారానికి నాలుగు రోజులు, తెల్లారేసరికి ఆటోలో దిగి, ఆ గోడ కింద గోనెపట్టా పరుచుకుని కూర్చునేది. పొద్దున ఎండ గోడకు అవతలి వైపు ఉంటుంది, పదకొండు దాకా ఇటు నీడ. చేపలమ్మే మనిషికి నీడ ఎంత ముఖ్యమో కొనేవాళ్ళకు తెలియదు. ఐసు కరగడం మొదలైతే గొరక చేపల కళ్ళు తెల్లబడతాయి, కళ్ళు తెల్లబడితే మా వీధి ఆడవాళ్ళు బేరం ఆడరు, వెళ్ళిపోతారు. ఆవిడ బతుకంతా ఆ నీడలో ఉంది.

బొమ్మలో ఆవిడ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, నెత్తిన సత్తు బేసిను పెట్టుకుని, ఒక చెయ్యి ఎత్తి దాన్ని పట్టుకుని ఉంది. ఎనిమిదడుగుల మనిషి. మా వీధిలో అంత ఎత్తున ఒక ఆడదాని ముఖం నేనెప్పుడూ చూడలేదు, ఎన్నికలప్పుడు తప్ప. ఎన్నికలప్పటి ముఖాలు నవ్వుతూ ఉంటాయి. ఇది నవ్వడం లేదు. బేరం కుదరని ముఖం.

ఆ చివరి రోజుల్లో ఆవిడ రావడం లేదు. మొగుడికి పచ్చకామెర్లు. కలిదిండి దగ్గర చేపల చెరువులకు కాపలా ఉంటాడు, అక్కడి నుంచే జ్వరంతో ఇంటికి చేర్చారట. వారం తరవాత వచ్చి, ఆటో దిగి, బేసిను కింద పెట్టకుండానే గోడకేసి చూస్తూ నిలబడిపోయింది. నేను గేటు దగ్గరే ఉన్నాను.

"ఎవరో తెలిసిందా?" అన్నాను.

"బేసిను నాదేనండి. సొట్ట కూడా వేశాడు చూడండి, ఎడం పక్క." బేసిను కిందికి దించి, దాని సొట్టను వేలితో తడిమింది. "మా ఆడపడుచు మెట్ల మీద పడేసిన రోజు పడిందండి ఇది." కాసేపు నవ్వింది. అప్పుడు తలెత్తి బొమ్మ ముఖం చూసింది. నవ్వు ఆగిపోయింది. "బొట్టేదండీ?"

నిజంగానే బొట్టు లేదు. ఆర్టిస్టు ఒకరోజు ఆవిడను ఫోనులో ఫొటో తీసుకున్నాడని తరవాత తెలిసింది. అప్పుడే చెమట పట్టి కొంగుతో ముఖం తుడుచుకుని ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు వేశాడు. మెడలో పసుపుతాడు కూడా జాకెట్టు లోపలికి పోయి ఉంది. ఇంటి దగ్గర మొగుడు కళ్ళు పసుపుపచ్చగా అయి మంచంలో ఉంటే, ఏలూరు నడివీధిలో ఎనిమిదడుగుల ఎత్తున బొట్టులేని ముఖంతో నిలబడి ఉంది. ఇంక చెప్పాలా. ఆటోవాళ్ళ ద్వారా కబురు లంకకు చేరింది. అత్తగారు రెండు రోజులు అన్నం ముట్టలేదట.

మా పక్కింట్లో ఒక రిటైరయిన పెద్దాయన ఉంటారు. నేను బాబాయిగారూ అంటాను, చుట్టరికమేమీ లేదు. ఆయన ఆ బొమ్మను తీయించాలని సంతకాలు మొదలుపెట్టారు. మా గేటు దగ్గరికీ వచ్చారు.

"పొద్దున్నే తలుపు తీయగానే ఆ ముఖం ఏంటమ్మా. పనిమీద వెళ్ళేవాళ్ళకు ఎదురు రావడమే."

"పిన్నిగారు పోయి నాలుగేళ్ళయింది కదండీ బాబాయిగారూ. రోజూ పొద్దున్నే నేను తలుపు తీస్తే మీరే కనిపిస్తారు. నా పనులేమీ చెడిపోలేదే."

ఆయన సంతకాల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మా ఆయన లోపలి నుంచి వింటున్నాడు. "పెద్దాయన్ని అంత మాట అనాలా?" అన్నాడు. అనాలి. బొట్టు పోయిన ఆడవాళ్ళు మా వీధిలో ఏడుగురున్నారు, వాళ్ళెవరూ గోడ మీద లేరు గనక ఆయన సంతకాలు పెట్టించడం లేదు, అంతే తేడా.

నేను పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. చదివాను. ఉద్యోగం చేయలేదు గాని వాదన మానలేదు. ఆ వారమంతా ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పాను: గోడ అందరిదీ, బొమ్మ అందరిదీ, ఒకరి కంటికి నచ్చలేదని అందరి సొత్తును తుడిచే హక్కు ఎవరికీ లేదు. ఇవాళ బొట్టు లేదని తుడిస్తే రేపు తల దువ్వుకోలేదని తుడుస్తారు. మంచి వాదన. ఇప్పటికీ అందులో తప్పు పట్టలేను. కాకపోతే "ఒకరి కంటికి" అన్నప్పుడు నా మనసులో ఉన్నది బాబాయిగారి కళ్ళు. గోడ కింద కూర్చున్న మనిషి పైకి చూడకుండా చేపలు తోముకుంటూ ఉండేది.

ఒకరోజు ఆవిడే అంది. "అమ్మా, ఆయనకు తగ్గటం లేదండి. మా అత్త నన్ను చూడటం లేదు. ఏదోటి చెయ్యండి."

అప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, మా గేటుకు వేయగా మిగిలిన ఎర్ర ఎనామిల్ డబ్బా తీశాను. బొమ్మా ఉండాలి, బొట్టూ ఉండాలి, ఇంత చిన్న విషయానికి సంతకాలు, పంతాలు ఎందుకనుకున్నాను. మధ్యాహ్నం పూట నిచ్చెన వేసుకుని ఎక్కాను. బ్రష్ గేటుకు కొన్నది, రెండంగుళాలది. దాంతో గుండ్రంగా తిప్పాలంటే చెయ్యి తిరగాలి. మొదట వంకరగా వచ్చింది. సరిచేస్తే ఇంకో పక్క వంకర. దాన్నీ సరిచేశాను. కిందికి దిగి చూస్తే సాసరంత బొట్టు. ఎనిమిదడుగుల ముఖానికి కూడా అది పెద్దదే.

"బాగుందండి," అంది ఆవిడ. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నిండుగా ఉందండి."

రెండు వారాల్లో మొగుడు లేచి కూర్చున్నాడు. కామెర్లు తగ్గాల్సిన రోజులకే తగ్గాయని నేనంటాను. బొట్టు పెట్టాకే తగ్గాయని వాళ్ళ అత్తగారు అంది. ఆ లంకకు వెళ్ళి నేను వాదించలేను.

ఇక్కడి దాకా నా తెలివికి నేను మురిసిపోతూనే ఉన్నాను.

ఒక శుక్రవారం పొద్దున గోడ దగ్గర రెండు బంతిపూలు కనిపించాయి. మరుసటి శుక్రవారానికి దండ. ఇల్లు మారి కొత్తగా వచ్చిన ఒకావిడ, ఈ వీధి సంగతులేమీ తెలియక, దారిన పోతూ చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. ఆవిడ తప్పేం లేదు. నేనూ ఒకసారి ఆ చివర్నుంచి నడిచొస్తూ కొత్తగా చూశాను. నీళ్ళలోంచి లేచిన ఆడమనిషి. నెత్తిన మెరిసే బేసిను, దూరానికి కిరీటమే. ఎత్తిన చెయ్యి. రెండు పక్కలా వాహనాల్లా రెండు పెద్ద పక్షులు. నుదుట సాసరంత బొట్టు. ఆర్టిస్టు మనిషిని వేశాడు. నేను రెండంగుళాల బ్రష్‌తో అమ్మవారిని చేశాను.

రెండు నెలల్లో గోడ కింద నల్లరాతి పలక పెట్టారు. అగరొత్తుల స్టాండు వచ్చింది. పసుపు నీళ్ళు చల్లేవాళ్ళు చల్లుతున్నారు. అన్నిటికీ ముందుండి నడిపించింది మా బాబాయిగారే. ఆ గోనెపట్టా చోట ఇప్పుడు ముగ్గు. పక్కన రేకు ముక్క మీద చక్కటి అక్షరాలతో బోర్డు: "ఇచ్చట చేపలు అమ్మరాదు."

ఆవిడను మూల మీదికి జరిపారు. అక్కడ మురుగుకాలవ, నీడ లేదు. ఎనిమిదింటికల్లా ఎండ నెత్తి మీదికి వస్తుంది. గొడుగు ఒకటి పాతుకుంది, గాలికి అది నిలవదు. తొమ్మిదయ్యేసరికి బేరాలు పోయేవి, మిగిలిన చేపలు మళ్ళీ ఆటోలో లంకకు. కొన్నాళ్ళకు వారానికి నాలుగు రోజులు వచ్చే మనిషి రెండు రోజులు రావడం మొదలుపెట్టింది.

"నా బొమ్మ కింద నన్నే కూర్చోనియ్యటం లేదండి," అంది ఒకరోజు నాతో. ఫిర్యాదులా కూడా అనలేదు. వాన పడింది అన్నట్టు అంది.

నేను ఆవిడను వెంటపెట్టుకుని బాబాయిగారి దగ్గరికి వెళ్ళాను. "ఈవిడేనండి ఆవిడ. చూడండి ముఖం."

"పోలిక ఉందమ్మా, కాదనను. అమ్మవారు ఏ రూపంలోనైనా రావచ్చు."

"వచ్చిన రూపాన్ని కాలవ పక్కన ఎండలో కూర్చోబెట్టారేమండీ మరి?"

"అలా మాట్లాడకమ్మా. నీచు వాసన తగిలితే అమ్మవారికి..."

"కొల్లేటి అమ్మవారికి చేపల వాసన పడదా? ఆవిడేం తింటుందనుకుంటున్నారు, పులిహోరా?"

"నువ్వు చదువుకున్నదానివి, నీతో నేను మాట్లాడలేను." మా వీధిలో నా నోటికి అందరూ ఇచ్చే సర్టిఫికెట్ ఇదే.

బయటికి వచ్చాక ఆవిడతో అన్నాను, "నువ్వు కూడా ఓ మాట అనొచ్చు కదా, అది నా బొమ్మేనని."

"ఎలా అంటానండి. ఆ బొమ్మకు మా కొల్లేటి అమ్మవారి పేరే పెట్టుకున్నారు. మొన్న శుక్రవారం నేను కూడా దణ్ణం పెట్టుకున్నానండి."

ఇంక దీనికి మందు ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఆ బొట్టు ఒక్కటీ లేకపోతే చాలు. బొట్టు పోతే అమ్మవారు పోతుంది, బేసిను మళ్ళీ బేసిను అవుతుంది, పక్షులు పక్షులవుతాయి, పూలు ఆగిపోతాయి. తడిగుడ్డకు పోకపోతే టర్పెంటైనుకు పోతుంది. పావుగంట పని. కాని ఆ మాట అనేదెవరు? మొగుడు బతికి, ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతున్న మనిషి ముందు నిలబడి, "నీ బొట్టు తుడిచేస్తాను" అని ఏ నోటితో అంటాం? మనలో ఆ మాటకు ఒకటే అర్థం. నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తూ చేసే పని అది. ఎం.ఏ. చదివినా, ఇంత నోరున్నా, ఆ మాట నా గొంతు దాటి రాలేదు. నన్ను చూసి ఆవిడా అనలేదు. ఇద్దరం గోడకేసి చూస్తూ దాని చుట్టూ మాట్లాడుకున్నాం.

"మీకు తెలియనిదేముందండి. మీరే ఏదోటి చూడండి," అంది.

వార్డు సచివాలయానికి వెళ్ళాను. అక్కడ ఉన్న అమ్మాయి నా కూతురికన్నా రెండేళ్ళు పెద్దదేమో, చాలా మర్యాదగా కూర్చోబెట్టింది. కంప్యూటరులో చూసింది.

"మేడం, ఆ గోడ మీద ఉన్నది కొంగలు, గూడబాతులండి. మనిషి బొమ్మ మా రికార్డులో లేదండి."

"గోడ మీద ఉందమ్మా. ఎనిమిదడుగులు ఉంది."

"ఉండొచ్చండి. శాంక్షన్ అయింది పక్షులేనండి. లేని బొమ్మను తీయమని ఎలా రాస్తామండి?" తరవాత గొంతు తగ్గించి, "అయినా ఇప్పుడది అమ్మవారంట కదండీ. మావాళ్ళెవరూ ముట్టుకోరండి. మామూలు బొమ్మయితే ఈపాటికి మీరు చెప్పకుండానే తీసేసేవాళ్ళం" అంది.

అధికారుల కర్కశ హస్తాల గురించి నాకు తెలిసింది ఇంతే. ఆ హస్తాలు నాకు టీ ఇచ్చాయి.

మర్నాడు పొద్దున ప్యాసింజరు ఎక్కి గూడెం వెళ్ళాను. మార్కెట్టులో ఉల్లిపాయల లారీలు దింపుతున్నారు, నేలంతా పొట్టు. ఘాటుకు కళ్ళు మండుతుంటే సందు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆర్టిస్టు ఇంటి అరుగు మీద ఒక బడి బోర్డుకు అక్షరాలు దిద్దుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. కుర్చీ తుడిచి వేశాడు. సంగతంతా విన్నాడు.

"నేనొకటి అనుకున్నానండీ," అన్నాను. "ఆవిడ చేతిలో చేపలు కోసే కత్తి ఒకటి వేస్తే? అప్పుడు అందరికీ తెలుస్తుంది కదా, చేపలమ్మే మనిషని."

"ఆయ్, కత్తి పెడితే ఇంకా అమ్మవారేనండి," అన్నాడు. "చేప పెట్టినా అంతేనండి. మా పనిలో ఇదొకటి ఉందండి. బొట్టు అంత పెట్టాక చేతిలో చీపురు పెట్టినా దణ్ణం పెడతారు." బ్రష్ డబ్బాలో ముంచి ఆగాడు. "నేను బొట్టు వేయలేదు కదండీ. ఎవరు పెట్టారండి?"

"నేనే."

ఆయన తల దించి బోర్డు మీది అక్షరం ఒకటి పూర్తిచేశాడు. తిడితే బాగుండేది. ఆ తరవాత, "అయితే ఆ ఒక్కటీ తు..." అని, నాలిక కరుచుకుని, "శివ శివా" అనుకున్నాడు. ఆయన నోటికీ ఆ మాట రాలేదు.

"అసలు ఆవిడను ఎందుకు వేశారండీ? పక్షులే కదా వేయమన్నారు?"

"మొదట్లో వచ్చిన రోజల్లా నా నిచ్చెన కిందే కూర్చుందండి. వెళ్ళేముందు నాకు మంచినీళ్ళు ఇచ్చేది. కొంగల్ని వేసి వేసి విసుగొచ్చిందండి, ఊరూరా అవే. ఒక్క మనిషిని వేద్దామనిపించింది."

"ఆవిడను అడిగారా?"

"అడిగితే వద్దనేదండి," అన్నాడు. నిజమే చెప్పాడు. అందుకే ఆయన మీద నాకు కోపం రాలేదు. రావలసిందేమో.

చివరికి ఆయనే అన్నాడు, "నేను వేసింది నేనే తీసేస్తానండి. ఇంకొకళ్ళు తీయడం నాకు ఇష్టం లేదు." ఆ గోడ మీద హక్కు ఎవరిదని నన్నడిగితే, నాలుగు రకాలుగా వాదించగలను. గోడ మున్సిపాలిటీది. బొమ్మ ఆయనది. దణ్ణం వాళ్ళది. ముఖం ఆవిడది. ఆ రోజు మాత్రం ఆయన ఒప్పుకున్నాడు కదా అని, గెలిచినట్టు రైలెక్కి వచ్చేశాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిని వీధి మొత్తం నిద్రపోతున్న వేళ వచ్చాడు. నీలం రంగు డబ్బా, బూడిదరంగు డబ్బా తెచ్చుకున్నాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను. కాళ్ళ దగ్గర మొదలుపెట్టాడు. మోకాళ్ళు నీళ్ళలో కలిసిపోయాయి. నడుము దాకా నీళ్ళు తెచ్చి ఆపి, అక్కడి నుంచి ఆకాశం వేశాడు. ఎత్తిన చెయ్యి పోయింది. బేసిను పోయింది, దాని సొట్ట పోయింది. బుగ్గలు, ముక్కు, కళ్ళు పోయాయి. నుదుటి దాకా వచ్చి బ్రష్ ఆపేశాడు.

"ఇది నా చేత్తో చేయనండి. మీరు పెట్టారు, మీరే..." అని బ్రష్ నా చేతికి ఇచ్చి దిగిపోయాడు.

నిచ్చెన ఎక్కాను. ఎదురుగా నీలం ఆకాశంలో ముఖం లేని బొట్టు. చెయ్యి లేచింది గాని ముందుకు పోలేదు. కలిదిండి చెరువు గట్టు మీద ఆవిడ మొగుడు, నేనెన్నడూ చూడనివాడు, లుంగీ ఎగ్గట్టి నడుస్తున్నట్టు కళ్ళకు కట్టింది. ఇవన్నీ నమ్మను నేను. నమ్మకుండానే కిందికి దిగాను. "నావల్ల కాదండి."

ఇద్దరం కాసేపు కింద నిలబడి చూశాం. ఆవిడను ఆవిడగా ఉంచాలంటే ఆ బొట్టు పోవాలి. మేం మనిషిని మొత్తం తుడిచేసి, బొట్టును మిగిల్చాం. ఆయన సంచిలో ఉన్న చిల్లర రంగులు తీసుకుని నిచ్చెన ఎక్కి, బొట్టు చుట్టూ పలుచగా నారింజరంగు అద్దాడు. కింద నీళ్ళలో ఎర్రటి గీతలు నాలుగు లాగాడు. సూర్యుడైపోయింది. రెండు గూడబాతుల మధ్య కొల్లేట్లో పొద్దు గుంకుతోంది. బాగుందా అంటే బాగుంది. క్యాలెండరులో ఉండే బాగు.

సాయంత్రం నాలుగింటికి బాబాయిగారు నిద్రలేచి తలుపు తీశారు. గోడకేసి చూసి, నాకేసి చూశారు.

"అమ్మవారేదమ్మా?"

"నేనే తీయించానండి. బోర్డు కూడా తీసేశాను. మీకు ఎవరిమీదైనా కోపం వస్తే నామీదే రావాలి."

ఆయన అరవలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. అయినా ఊళ్ళోకి వెళ్ళిన కథలో నా పేరు లేదు. ఎదురింటి మనిషితో పోట్లాట పెట్టుకోవడంకన్నా మున్సిపాలిటీని తిట్టుకోవడం సుఖం, అది గేటు దగ్గరికి వచ్చి జవాబు చెప్పదు. మున్సిపాలిటీ వాళ్ళూ కాదనలేదు. వాళ్ళ రికార్డులో మొదటి నుంచీ పక్షులే, ఇప్పుడు గోడ మీదా పక్షులే.

బుధవారం ఆవిడ వచ్చింది. ఎప్పటిలా ఆటోలో కాదు, బస్సు దిగి నడిచి వచ్చింది. బేసిను లేదు. పెట్టెలో పెట్టిన చీర కట్టుకుంది, మడతలు తెలుస్తున్నాయి. పక్కన ఉతికిన తెల్లచొక్కా వేసుకున్న మనిషి. కళ్ళల్లో ఇంకా కొంచెం పసుపు జీర ఉంది. మొగుడిని తీసుకురావడం అదే మొదటిసారి.

నేను గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఇద్దరూ గోడ ముందు నిలబడి ఉన్నారు. ఆయన ఈ చివర్నుంచి ఆ చివరకు చూసి, "ఏదే?" అన్నాడు. ఆవిడ గూడబాతుల మధ్యకు చూస్తోంది.

"నీ చోటు నీకు వచ్చేసింది," అన్నాను. "రేపటి నుంచి ఇక్కడే కూర్చో. ఎవరన్నా ఏమన్నా అంటే నన్ను పిలువు."

"మంచిదండి," అంది. మొగుడివైపు తిరిగి, "అమ్మగారే చేయించారు" అంది. ఆయన నాకు దణ్ణం పెట్టాడు. మంచినీళ్ళు ఇస్తే తాగి, పదిన్నర బస్సుకు వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి గోడ కింద గోనెపట్టా పరుచుకుని కూర్చుంటోంది. బేరాలు మళ్ళీ బాగున్నాయి. వారానికి నాలుగు రోజులు వస్తోంది. గొరకల కళ్ళు పదకొండు దాకా నల్లగానే ఉంటున్నాయి. ఆ బుధవారం సంగతి రెండుసార్లు ఎత్తాను. "పోనిద్దురూ, అయిపోయింది కదండీ" అని కత్తిపీట ముందుకు లాక్కుంది. మూడోసారి ఎత్తలేదు. ఊళ్ళో ఎవరినైనా ఏదైనా అడగగలను, ఆవిడను ఇది అడగలేకపోతున్నాను. మొగుడికి మంచి చొక్కా తొడిగి, ఒకరోజు బేరం మానుకుని, కొల్లేటి అవతల నుంచి అంత దూరం తీసుకొచ్చావే, ఏం చూపిద్దామని తీసుకొచ్చావు?